పురుగు నేర్చునా? నేర్చినది మరచునా?



పురుగుమందుల దుకాణము ముందుగాని, మన సంఘపు గోదాము వద్దగాని పదిమంది రైతులు కూడినచోట నేడు తప్పక వినబడు మాట యొకటి గలదు. "పురుగు మందుకు అలవాటు పడినది, అది మనకంటె తెలివి మీరినది" అని. ఈ మాటలో కొంత నిజమును కొంత పొరపాటును కలసియున్నవి. ఆ రెంటిని వేరుచేయుట వట్టి పాండిత్యపు ముచ్చట గాదు. మన మందు ఖర్చును, మన పంటయు, మన గట్లమీద తిరుగు తేనెటీగ బ్రదుకును దానిమీద ఆధారపడియున్నవి. కావున పురుగులకును సాలెపురుగులకును నేర్చుకొను శక్తి గలదా, నేర్చినది జ్ఞాపకముంచుకొనునా, రాబోవుదానిని ముందుగా ఆలోచింపగలవా యను ప్రశ్నను ఈ నెల మన సభ్యుల ముందుంచుచున్నాము. మా అభిప్రాయమును మొదటనే చెప్పివేయుదుము. పురుగునకు నేర్పును జ్ఞాపకమును గలవు. ఆ సంగతి తెలియక మనము చల్లు అరకొర విషము శత్రువునకు పాఠము చెప్పుటకును, మిత్రునకు ఇంటిదారి మరపించుటకును కారణమగుచున్నది.

ముందు ఆ పొరపాటును తొలగింతము. 1987-88 లో గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిచేలపై శనగపచ్చ పురుగు విరుచుకొనిపడినది. రైతులు మరల మరల మందులు కొట్టిరి. పురుగు చావలేదు, పెట్టుబడి మాత్రము పోయినది. పరీక్షించి చూడగా ఆ పురుగు పైరిత్రాయిడు జాతి మందులకు లొంగని స్థితికి వచ్చినట్లు తేలినది. పదియేండ్ల తరువాత 1997-98 లో ఓరుగల్లు ప్రాంతపు ప్రత్తిరైతులు పడిన ఆపద మన పెద్దలకు నేటికిని మరపునకు రాలేదు. అయితే ఇందులో ఏ యొక్క పురుగును ఏమియు నేర్చుకొనలేదు. లక్ష పురుగులు పుట్టినచో ఏ కొన్నింటికో పుట్టుకతోనే ఆ విషమును ఓర్చు గుణముండును. మందు తక్కినవానిని చంపి వీనిని విడిచిపెట్టును. వీని సంతానమే మరుసటి కారున చేనిని నింపును. మనము మంచి కంకిని చూచి విత్తనమునకు ఏరుకొన్నట్లే, మన పిచికారి మొండి పురుగును విత్తనమునకు ఏరుచున్నది. ఇది జాతి మారుట. దీనిని నేర్పు అనరాదు.

ఒకే పురుగు తన చిన్న బ్రదుకులో తాను చూచినదానిని, వాసన పట్టినదానిని గురుతుంచుకొని, మరునాడు తన నడత మార్చుకొనెనేని దానిని నేర్పు అనవలయును. ఇట్టి నేర్పునకు మంచి సాక్ష్యమిచ్చునది మన సికింద్రాబాదు పేరుతో విడరాని ముడిపడిన ప్రాణియే. అది దోమ.

1897 ఆగస్టు 20 వ తేదీన సికింద్రాబాదులో సైనిక వైద్యుడుగా నుండిన రొనాల్డు రాస్ గారు, హుసేన్ ఖాన్ అను రోగి రక్తము త్రాగిన దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా క్రిమిని కనుగొనిరి. కుట్టించుకొన్న దోమ యొకటికి ఒక అణా చొప్పున ఆ రోగికి ముట్టినది. రాస్ గారికి 1902 లో నోబెల్ బహుమానము లభించెను. ఆగస్టు 20 వ తేదీని నేటికిని లోకమంతయు దోమల దినముగా పాటించుచున్నారు. అయితే నాటినుండి చాల కాలమువరకు మనుష్యులు దోమను ఎగురు సూదిగా మాత్రమే చూచిరి. రక్తమును, రోగమును మోయుటయే దాని పని, దానికి మనసేమి, మతియేమి యనుకొనిరి.

ఆ తలంపు నేడు నిలుచుటకు వీలులేదు. డెంగ్యూ జ్వరమును మోయు దోమలకు ఒక మనుష్యుని ఒంటి వాసన చూపి, ఆ వెంటనే చేతితో విసరినప్పటివంటి అదురు కలిగించి చూచిరి. అట్టి అదురు తిన్న దోమ ఆ వాసనను గురుతుంచుకొని, మరునాటివరకు దానిని తప్పించుకొని తిరిగినది. ఇది అమెరికాలో 2018 లో వెల్లడియైన సంగతి. అంతకంటె మనకు ముఖ్యమైనది 2022 లో ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయము నుండి వచ్చినది. దోమలకు చావనంత కొద్దిపాటి పురుగుమందు ఒక్కమారు తగిలించి విడిచిపెట్టిరి. బ్రదికిన దోమలు ఆ తరువాత ఆ మందు వాసన గల తావులకు పోవుట మానినవి. మందు పూసిన దోమతెరను దాటి పోవలసివచ్చినప్పుడు అవి వెనుకాడినవి. ఆ మందు నెన్నడును చూడని దోమలు మాత్రము తిన్నగా పోయి చచ్చినవి. చాలీచాలని దెబ్బ శత్రువును చంపదు, హెచ్చరించును. యుద్ధమెరిగిన ఏ సేనానియు ఈ మాటను కాదనడు. ఇది దోమలయందు చూచిన సంగతియే యైనను, పంపునకు పోయవలసిన మందులో సగము పోసి సరిపెట్టు రైతు ఆలోచింపదగినది.

దీనికి కొందరు పెద్దలు ఒక ఆక్షేపణ చెప్పుదురు. "పురుగు చేయునదంతయు స్వభావము. గడియారపు ముల్లు తిరిగినట్లు తిరుగునేగాని దానికి బుద్ధి యెక్కడిది?" అని. ఈ ఆక్షేపణలో బలము లేకపోలేదు. మన పూర్వులు భ్రమరకీటక న్యాయమని చెప్పుచుండిరి. మట్టిగూడు కట్టు కందిరీగ ఆకుపురుగు నొకదానిని తెచ్చి గూటిలో పెట్టి మూయును. ఆ పురుగు భ్రమరమునే తలచి తలచి తానును భ్రమరమై వెలువడునని వారు భావించిరి. ఉపదేశమునకు ఈ న్యాయము చక్కగా పనికివచ్చినది. గూటిలో జరుగునది మాత్రము వేరు. కందిరీగ ఆ పురుగును కుట్టి మొద్దుపరచి, దాని చెంత తన గ్రుడ్డు నుంచును. పిల్ల పుట్టి ఆ పురుగును తిని పెరిగి, రెక్కలు తెచ్చుకొని బయటికి వచ్చును. తల్లి పిల్లను కన్నెత్తి చూడదు, పిల్లకు తల్లి నేర్పినదేమియు లేదు. అయినను ఆ పిల్ల పెద్దదై అట్లే గూడు కట్టును. కాబట్టి గూడు కట్టు పని స్వభావమువలన వచ్చినదే.

ఫ్రెంచి దేశపు ఫాబ్రు అను పండితుడు ఇట్టి కందిరీగలనే చూచుచు ఆయుష్షు గడపెను. వేట తెచ్చిన కందిరీగ దానిని బొరియ ముఖమున నుంచి, లోపల చూచి వచ్చుటకు దిగును. ఆ సమయమున ఫాబ్రు వేటను కొంచెము దూరము జరిపెను. కందిరీగ పైకి వచ్చి, వేటను మరల ముఖమునకు ఈడ్చి, మరల లోపల చూచుటకు దిగెను. ఇట్లు నలుబది మారులు చేసినను అది తన పద్ధతి మార్చుకొనలేదు. ఈ కథను చెప్పి పురుగునకు బుద్ధి లేదని వాదించువారు, ఫాబ్రే వ్రాసిన రెండవ భాగమును చెప్పుట మరతురు. వేరొక చోట అదే జాతి కందిరీగలు రెండు మూడు మారులు మోసపోయి, ఆ వెనుక లోపలికి దిగి చూచుట మాని, వేటను తిన్నగా బొరియలోనికి ఈడ్చుకొనిపోయినవి. ఒకే జాతిలో ఒకటి మొండిగా నుండెను, మరియొకటి నేర్చుకొనెను. మనుష్యులలో మాత్రము ఈ భేదము లేదా?

స్వభావము గూడు కట్టించునుగాని, ఆ గూడు ఎక్కడ నున్నదో చెప్పజాలదు. ఆ స్థలమును ప్రతి కందిరీగయు తానే గురుతుపెట్టుకొనవలయును. హాలండు దేశమున టిన్బర్జెన్ అను పండితుడు ఒక కందిరీగ బొరియ చుట్టును దేవదారు కాయలను వలయముగా పేర్చెను. కందిరీగ బయటికి వచ్చి, కొన్ని మారులు చుట్టు తిరిగి చూచి వేటకు పోయినది. అది లేని సమయమున ఆయన ఆ కాయల వలయమును ఒక ప్రక్కకు జరిపెను. తిరిగివచ్చిన కందిరీగ తన బొరియను విడిచి, ఆ కాయల నడుమనే వ్రాలి దారి వెదకినది. అనగా, పోవునప్పుడు అది చుట్టుప్రక్కలను చూచి మనసున ముద్రించుకొన్నది. ఇది 1932 లో వెలువడిన పరీక్ష. చేయుటకు నాలుగు కాయలు తప్ప మరేమియు అక్కరలేదు. మన గట్లమీద బొరియలు త్రవ్వు కందిరీగలతో మన బడిపిల్లలును చేసి చూడవచ్చును.

ఇక తేనెటీగ సంగతి. దాని మెదడు ఆవగింజ కంటెను చిన్నది. మనుష్యుని మెదడులో ఎనిమిదివేల కోట్లకు పైగా నరకణములుండగా, తేనెటీగకు ఇంచుమించు పది లక్షలు మాత్రమే. అయినను ఆ పది లక్షలతో అది చేయు పనిని చూడుడు. దానిని చిన్న గొట్టములో బిగించి, ఒక వాసన చూపి, వెంటనే తీపినీరు నాలుకకు అందించినచో, ఒకటి రెండు మారులలోనే ఆ వాసన తగిలినంతన నాలుక చాచును. మూడు నాలుగు మారులు చేసినచో దినముల తరబడి ఆ వాసనను మరువదు. ఏ పువ్వు తేనె నిచ్చునో, దాని రంగేమో, రూపమేమో, అది తన పట్టునుండి ఏ దిక్కున ఎంత దూరములో నున్నదో గురుతుంచుకొనును. పట్టునకు తిరిగివచ్చి, నాట్యము వంటి నడకతో ఆ దిక్కును దూరమును తోడివారికి తెలుపును. ఈ నాట్యపు అర్థమును విప్పిన కార్ల్ వాన్ ఫ్రిష్ గారికిని, పైని చెప్పిన టిన్బర్జెన్ గారికిని 1973 లో నోబెల్ బహుమానము కలిసివచ్చినది.

రైతునకు అన్నింటికంటె పనికివచ్చునది తేనెటీగ కాలజ్ఞానము. స్విట్జర్లండు దేశపు ఫోరెల్ గారు ఆరుబయట ఉదయపు ఫలాహారము చేయుచుండగా, తేనెటీగలు ఆ వేళకు తప్పక వచ్చి బల్లపై వ్రాలుచుండెను. తీపి పదార్థములు లేనినాడును అవి అదే వేళకు వచ్చినవి. 1929 లో బేలింగు అను జర్మను విదుషి దీనిని పరీక్షించి స్థిరపరచెను. ఏ వేళకు తీపినీరు దొరకెనో ఆ వేళకే మరునాడును తేనెటీగ వచ్చును. మన ప్రొద్దుతిరుగుడు, నువ్వు, కుసుమ, బీర, దోస, గుమ్మడి పువ్వులలో తేనెయు పుప్పొడియు ఏ గంటకు దొరకునో పొలము తిరుగు తేనెటీగ యెరుగును. అట్లు తిరుగునవి పట్టులోని పెద్దవి, పని నేర్చినవి. చిన్నవి పుట్టిన తరువాత ఇంచుమించు మూడు వారములు పట్టులోని పనులే చూచుకొని, ఆ వెనుక చుట్టుప్రక్కల నేర్చుటకు ఎగిరి, పిమ్మట పొలమునకు వచ్చును. ఉదయము తొమ్మిది గంటలకు పూతమీద మందు కొట్టువాడు ఆ పట్టులోని అనుభవశాలులనందరిని ఒక్క దెబ్బకు పోగొట్టుకొనుచున్నాడు.

తేనెటీగకంటె మిక్కిలి చిన్నదైన మరియొక నేర్పరిని మనము సంఘముద్వారా కార్డులపై తెచ్చుకొనుచున్నాము. అదియే ట్రైకోగ్రామా. అరమిల్లీమీటరు పొడవు గల ఈ కందిరీగ, హానిచేయు చిలుకల గ్రుడ్లలో తన గ్రుడ్లు పెట్టి వానిని నశింపజేయును. ఒక జాతి ట్రైకోగ్రామా, కోసుపురుగు సీతాకోకచిలుక ఆడుదాని ఒంటి వాసన పట్టి, దానిపై ఎక్కి సవారి చేసి, అది గ్రుడ్లు పెట్టు ఆకువరకు పోవును. అట్లు పోయి గ్రుడ్లు దొరకించుకొన్న ఒక్క అనుభవముతోనే, ఏ వాసన గలదానిపై ఎక్కవలయునో అది నేర్చుకొనునని 2009 లో నిరూపితమైనది. ఆకుపురుగులపై గ్రుడ్లు పెట్టు మరి కొన్ని కందిరీగలును, పురుగు కొరికిన ఆకు విడుచు వాసనను గురుతుపట్టి వేట వెదకుట నేర్చుకొనును. పొలములో వీనికి అనుభవమే ఆస్తి.

సాలెపురుగు, పురుగుల లెక్కలో చేరదు. దానికి ఎనిమిది కాళ్లు. కాని దాని సంగతి విడువరానిది. శ్రీకాళహస్తి పేరులోని "శ్రీ" సాలెపురుగే గదా. దారములతో శివునికి గుడి కట్టిన సాలెపురుగును మన పూర్వులు భక్తుల వరుసలో నిలిపిరి. వల అల్లుట దాని స్వభావము. అయినను వలలో చిక్కి కట్టబడిన వేటను ఎవరైన రహస్యముగా తీసివేసినచో, సాలెపురుగు దానికొరకు వెదకును. పోయిన వేట పెద్దదైనకొలది ఎక్కువసేపు వెదకును. అనగా, తనకేమి యుండెనో, ఎంత యుండెనో దానికి జ్ఞాపకమున్నది. వలలో ఏ వైపున వేట ఎక్కువ పడుచున్నదో చూచి, ఆ వైపు దారములను బిగించి పట్టుకొను సాలెపురుగులును గలవు.

ముందాలోచనకు చేరువైన సాక్ష్యము ఇచ్చునది పోర్షియా అను దూకుడు సాలెపురుగు. దక్షిణాసియా మొదలుకొని ఆస్ట్రేలియావరకు ఇది వ్యాపించియున్నది. ఇది ఇతర సాలెపురుగులను వేటాడును. వాని వల అంచున నిలిచి దారమును రకరకములుగా మీటి, ఏ మీటునకు యజమాని దగ్గరకు వచ్చునో ఆ మీటునే మరల మరల వాయించును. 1997 లో న్యూజిలండు దేశమునందలి పరీక్షలో, దానిని ఒక ఎత్తయిన తావున నుంచి, దూరమున వేటను చూపిరి. వేటను చేరుటకు రెండు దారులుండెను. ఒకటి చేరును, మరియొకటి చేరదు. క్రిందికి దిగినచో వేట కంటికి కనబడదు. పోర్షియా పైననే నిలిచి చాలసేపు ఇటు నటు చూచి, దిగి, వేట కనబడకున్నను ఎక్కువ మారులు సరియైన దారినే పట్టినది. దీనిని ముందాలోచన యనక తప్పదని మా తలంపు.

అయితే ఇంతమాత్రమున ప్రతి పురుగును పండితుని చేయరాదు. బైబిలులో సొలొమోను సోమరిని చీమయొద్దకు పంపెను. మన చెలకలలో గడ్డిగింజలు కూర్చు చీమలు వాన వెలిసిన వెనుక తడిసిన గింజలను ఎండబెట్టుట మనమెరుగుదుము. ఒక్కొక్క చీమ రాబోవు కరవును తలచి కూర్చుచున్నదని దీనినుండి తేల్చరాదు. ఆ పని జాతి స్వభావములో నున్నది. ధాన్యపు గాదె నింపు రైతు వచ్చు వేసవిని మనసున చూచుచున్నాడు. చీమకు ఆ చూపు అక్కరలేదు. నేర్పు, జ్ఞాపకము అనునవి పురుగులలో విస్తారముగా గలవు. ముందాలోచన మాత్రము ఏ కొన్నింటికో, కొద్దిపాటిగా గలదు. మేము చెప్పునది ఇంతవరకే.

ఇంత చెప్పుటకు కారణమేమన, మనము వాడు కొన్ని మందులు ఈ జ్ఞాపకమునే దెబ్బతీయుచున్నవి. ఇమిడాక్లోప్రిడ్, థయోమెథాక్సామ్ మొదలగునవి రసము పీల్చు పురుగులకై నేడు మన అంగళ్లలో విరివిగా దొరకు మందులు. ప్రత్తి విత్తనములకు ఇట్టి మందు పూసియే అమ్ముచున్నారు. ఇవి పురుగు నరములలో వార్తను అందుకొను తావులను పట్టుకొనును. తేనెటీగ నేర్చుకొనుటకును, జ్ఞాపకముంచుకొనుటకును పనికివచ్చు తావులు అవియే. 2012 లో ఫ్రెంచి పండితులు తేనెటీగల వీపులపై చిన్న గురుతులంటించి, చావనంత కొద్దిగా థయోమెథాక్సామ్ త్రాగించి, పట్టునకు దూరముగా విడిచిరి. త్రాగనివానికంటె త్రాగినవానిలో ఎక్కువ తేనెటీగలు ఇల్లు చేరలేదు. అవి పొలములో చచ్చి కనబడలేదు. దారి తప్పి పోయినవి. ఐరోపా సమాఖ్యవారు 2013 లో ఇట్టి మూడు మందుల వాడుకను కట్టుబాటు చేసి, 2018 లో ఆరుబయట పొలములలో వానిని పూర్తిగా నిషేధించిరి.

మన రైతు మందు కొట్టిన మరునాడు చేనిలో చచ్చిన తేనెటీగలు కనబడలేదని తృప్తిపడును. కనబడకపోవుటయే కొన్నివేళల కీడునకు గురుతు. దాని ఫలము ఎట్లుండునో ప్రొద్దుతిరుగుడు రైతు నడుగుడు. తేనెటీగలు చాలనిచోట, పూత కాలమున ఉదయము తొమ్మిది మొదలు పదకొండు గంటలవరకు పలుచని గుడ్డతో పూలను రుద్దవలయునని వ్యవసాయశాఖవారు సలహా చెప్పుచున్నారు. పూర్వము తేనెటీగ ఊరక చేసిన పనిని మనము కూలి యిచ్చి గుడ్డతో చేయించుచున్నాము. గుడ్డకు జ్ఞాపకము లేదు, పువ్వు విచ్చిన వేళ దానికి తెలియదు. రోజు మార్చి రోజు మనుష్యుడే పోవలయును.

వరిలోను ఇట్టి కథయే. సుడిదోమను తినునది సాలెపురుగు. తొందరపడి తొలినాళ్లలోనే మందు కొట్టినచో సాలెపురుగులు ముందు చచ్చును, సుడిదోమ పెచ్చుపెరుగును. ఇండొనేషియా ప్రభుత్వము ఈ సంగతి గ్రహించి 1986 లో వరిపై ఏబదియేడు మందులను నిషేధించెను.

"పెట్టుబడి పెట్టి అప్పు మోయు రైతు, పురుగు జ్ఞాపకమును కాచుకొని కూర్చుండునా?" అని మన సభ్యులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మందే వలదని మేము చెప్పుటలేదు. పురుగు లెక్కించి, నష్టము మీరునని తేలినప్పుడు, తగిన మందును, డబ్బామీద వ్రాసిన మోతాదుతో, తగిన వేళకు కొట్టుడని చెప్పుచున్నాము. సగము మోతాదుతో నాలుగు మారులు కొట్టుటకంటె, అవసరమైనప్పుడు పూర్తి మోతాదుతో ఒక్కమారు కొట్టుట మేలు. నాలుగు మందులు కలిపి ఒకే పంపులో పోయుట మానవలయును. పూతలో నున్న చేనిపై పగటివేళ మందు కొట్టరాదు. ప్రొద్దు వాలిన తరువాత, తేనెటీగలు పట్టునకు చేరిన వెనుక కొట్టవలయును. ఆ వేళకు కూలివారు దొరకుట కష్టమని మేమెరుగుదుము. కొంచెము అదనపు కూలియు పడును. గుడ్డతో పూలు రుద్దించు కూలితో దానిని పోల్చి చూడుడు.

మరియొక ప్రశ్న యింతకంటె బలమైనది. "ప్రక్కవాడు కొట్టుచుండగా నేనొక్కడను ఆగిన లాభమేమి?" అని. లాభము లేదు, నిజమే. రెండెకరముల చెలక ఒక ప్రక్కన దాదాపు తొంబది మీటర్లుండును. తేనెటీగ దానిని పావు నిమిషములో దాటును. కిలోమీటరు దూరమునుండి వచ్చు తేనెటీగకు పట్టా పాసుపుస్తకములోని హద్దులు తెలియవు. ఊరిలో పదిమంది జాగ్రత్తగా నుండి, పదకొండవవాడు ఉదయము కొట్టినచో పదిమంది శ్రమయు వృథా. కాబట్టియే ఇది ఒక్క రైతు పని కాదు, సంఘము పని. అప్పు, విత్తనము, ఎరువు ఒక్కొక్కరుగా తెచ్చుకొనుట నష్టమని మనము కూడితిమి. ఈ విషయమునను అట్లే కూడవలయును. ఇట్టిది అసాధ్యమనువారికి ఖమ్మము ప్రాంతమున పాల్వంచ దాపునగల పునుకుల గ్రామము సమాధానమిచ్చుచున్నది. ప్రత్తిలో మందుల ఖర్చుతో నలిగిన ఆ ఊరి రైతులు, వేపగింజల కషాయమును, ఎర పంటలను, పురుగులను కనిపెట్టి యుండు పద్ధతులను ఊరంతయు ఏకమై పట్టి, 2000 తరువాతి తొలి యేండ్లలోనే తమ గ్రామమును పురుగుమందులు లేని గ్రామముగా ప్రకటించుకొనిరి. ఒక్కడు పూనిన సాగునది కాదు అది.

మన సంఘమువారు రాబోవు సర్వసభ్య సమావేశములో రెండు మూడు తీర్మానములు చేయవలయునని మేము కోరుచున్నాము. పూత కాలమున ఊరంతటికిని మందు కొట్టు వేళ ప్రొద్దువాలిన తరువాతనే యని నిర్ణయించుట మొదటిది. తేనెటీగలు పెంచువారికి ఒక దినము ముందుగా తెలుపుట రెండవది. ట్రైకోగ్రామా కార్డులు తెచ్చిన వారము రోజులలో ఆ చేనిపైగాని ప్రక్క చేనిపైగాని విషము చల్లకుండుట మూడవది. కార్డు కొని, మరునాడే మందు కొట్టువాడు కూలివానిని పిలిచి గడపలోనే తరిమినవానితో సమానము. వీనితోపాటు చెట్లమీదను రాతికట్టడములమీదను వ్రేలాడు పెద్ద తేనెపట్లను దివిటీలతో కాల్చుట మానవలయును. ఆ పెద్ద తేనెటీగలు కాలము మారినప్పుడు వలసపోయి, నెలల పిమ్మట వెనుకటి తావునకే మరలివచ్చునని పరీక్షలలో తేలినది. పనివారి ఆయుష్షు కొలది వారములే గనుక, పోయిన పనివారిలో తిరిగివచ్చునవి అరుదు. ఆ తావును జ్ఞాపకముంచుకొనునది రాణియే కావచ్చునని పండితుల ఊహ. ఒక పట్టు కాల్చినచో తేనెతోపాటు ఆ జ్ఞాపకమును కాలిపోవును.

పొలము దున్నువాడు ఎద్దుకు పాదు తప్పక నడచుట నేర్పును. నేర్చిన ఎద్దును ఎవడును కటికవానికి అమ్మడు, కొత్త ఎద్దును తెచ్చి నేర్పుటకు ఎంత కాలము పట్టునో వానికి తెలియును గనుక. మన చేనిలో మన పిలుపు లేకయే వచ్చి, తానే నేర్చుకొని పనిచేయు తేనెటీగయు, కందిరీగయు, సాలెపురుగును ఆ ఎద్దు పాటి లెక్కకు రావా? ఈ విషయమై సభ్యులు తమ అనుభవములను, ఏ పంటకు ఏ వేళ తేనెటీగలు వచ్చుచున్నవో చూచి, సంఘ కార్యాలయమునకు వ్రాసి పంపవలయునని మనవి. వానిని బట్టి మన ఊళ్లకు తగిన మందు వేళల పట్టికను కారు ప్రారంభమునకు ముందే సిద్ధపరచుకొనవచ్చును.